చీము పట్టిన వేలిని ఆరు రోజులు దాచుకున్నాను

నేను ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. తెనాలిలో మా ఇంటి వీధి గదే షాపు. హెమ్మింగ్ చేసేటప్పుడు, హుక్కులు కుట్టేటప్పుడు రోజుకి ఎన్నిసార్లు సూది గుచ్చుకుంటుందో ఎవరూ లెక్కపెట్టుకోరు. చుక్క రక్తం వస్తే గుడ్డముక్కకి తుడుచుకుని, పట్టు మీద పడలేదు కదా అని ఒకసారి చూసుకుని మళ్ళీ పనిలో పడిపోతాం. అలాంటి నేను ఒక సూదికి భయపడి చీము పట్టిన వేలిని ఆరు రోజులు ఇంట్లో వాళ్ళకి చూపించకుండా తిరిగాను. వేలికి మత్తు ఇచ్చే ఇంజెక్షన్ అది.

ఆ ఇంజెక్షన్ నేను రెండుసార్లు వేయించుకున్నాను. రెండుసార్లూ ఒకటే మందు. మొదటిసారి అరిచాను. రెండోసారి అరవాల్సిన అవసరమే రాలేదు. వేసే తీరు మారితే ఇంత తేడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు, నాకెవరూ చెప్పలేదు. వేలికి కుట్లు పడాల్సినవాళ్ళు, గోరు తీయించుకోవాల్సినవాళ్ళు ముందే తెలుసుకుంటే నాలా నాన్చుకోరని ఇది రాస్తున్నాను.

మొదటిది జరిగింది శ్రావణ మాసానికి వారం ముందు. మా పనిలో ఆషాఢమంతా చేతులు ఖాళీ, శ్రావణం వస్తోందంటే మాత్రం తిండికి కూడా తీరిక దొరకదు. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు, వెనకాలే పెళ్ళిళ్ళవి. ఆ రోజు రాత్రి పదిన్నరకి ఒక ఆకుపచ్చ పట్టు జాకెట్టుకి పైపింగ్ వేస్తున్నాను. మోటారు మిషన్. నిద్ర కళ్ళ మీదకొస్తోంది. ఎడమ చేతి చూపుడు వేలితో మడత సర్దుతూ సర్దుతూ కాస్త ముందుకి జరిపాను. టక్‌మని ఒక చప్పుడు వచ్చింది, మిషన్ ఆగిపోయింది. సూది గోట్లోంచి దిగి లోపల విరిగింది.

మిషన్ సూదికి కన్ను మొన దగ్గరే ఉంటుంది, చేతిసూదిలా వెనక వైపు ఉండదు. అందుకని మొనతో పాటు దారం కూడా వేలి లోపలికి వెళ్ళిపోయింది. గోరు మధ్యలోంచి ఆకుపచ్చ దారం బయటికి వేలాడుతోంది. రక్తం పెద్దగా లేదు. ఆ దారం చూశాకే నాకు కాళ్ళు వణికాయి. లాగేద్దామా అనిపించింది. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, "లాగొద్దు, లోపల ఎక్కడుందో ఏమో" అని బండి తీశాడు.

ఆ వేళప్పుడు తెరిచి ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. ఎముక పక్కన సన్నటి తెల్లగీత, చిన్న పిల్లలు పెన్సిల్‌తో గీసినట్టు. టీటీ ఇంజెక్షన్ వేశారు, దాన్ని పట్టించుకోలేదు. తర్వాత డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ వచ్చి, "వేలికి మత్తిచ్చి తీసేస్తానమ్మా, రెండు నిమిషాల పని" అన్నాడు. నన్ను ఒక స్టూల్ మీద కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించారు.

గాయం వేలి చివర ఉంటే ఇంజెక్షన్ కూడా అక్కడే ఇస్తారనుకున్నాను. అలా ఇవ్వరు. వేలు అరచేతిలో కలిసే మొదట్లో, అటూ ఇటూ రెండు వైపులా ఇస్తారు. ఒక్కో వేలికి నాలుగు నరాలు వస్తాయట, రెండు పైవైపు, రెండు అరచేతి వైపు. మొదట్లోనే వాటిని తిమ్మిరెక్కిస్తే చివరిదాకా వేలంతా మొద్దుబారిపోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, దెబ్బ ఒక చోట తగిలితే సూది ఇంకో చోట ఎందుకు పొడుస్తున్నారని కంగారు.

సూది గుచ్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. అక్కడ మొదలైంది. పచ్చిమిరపకాయలు నూరిన చేత్తో పుండుని రుద్దితే ఎలా ఉంటుందో అలాంటి మంట, దాంతో పాటు వేలి మొదలు లోపలి నుంచి పగిలిపోతుందేమో అనేంత బిగువు. వేళ్ళ మధ్య అసలే కండ లేని చోటు. మందు పోవడానికి జాగా లేదు. ఆయన సిరంజి వెనక బొటనవేలు పెట్టి ఒక్క నొక్కున తోసేశాడు. నేను చెయ్యి లాక్కున్నాను. "కదలొద్దమ్మా, కదిలితే మళ్ళీ పొడవాలి" అన్నాడు. మళ్ళీ పొడిచాడు కూడా. రెండో వైపు వేసేటప్పటికి ఏం రాబోతోందో నాకు తెలుసు కాబట్టి అది ఇంకా ఎక్కువ అనిపించింది.

రెండు నిమిషాలైనా అయిందో లేదో పట్టకారు తీసుకుని గోటి దగ్గర పెట్టాడు. నాకు పూర్తిగా తెలుస్తోంది. "తెలుస్తోంది సార్" అన్నాను. "అది భయమమ్మా" అన్నాడు. ఇంకో నొక్కు నొక్కాక నేను అరిచిన అరుపుకి బయటున్న మా ఆయన లోపలికి వచ్చేశాడు. అప్పుడు ఇంకో సిరంజి నింపి మళ్ళీ రెండు పోట్లు. మొత్తం అయిదు. ఆ అయిదో దానికి చెవుల్లో గుయ్‌మని, చెమటలు పట్టి, కళ్ళు తిరిగి స్టూల్ మీంచి పక్కకి ఒరిగిపోయాను. పడుకోబెట్టారు. ఆ తర్వాత సూదిముక్క తీయడం నిజంగానే రెండు నిమిషాల పని. దారంతో సహా బయటికొచ్చింది. ఆ ముక్కని చిన్న సీసాలో పెట్టి ఇచ్చారు.

ఆ డాక్టర్ మీద నాకు కోపం లేదు. బయట బండి మీంచి పడినవాళ్ళు ముగ్గురు రక్తాలు కారుతూ కూర్చుని ఉన్నారు, ఆయన ఒక్కడే ఉన్నాడు. కానీ "అది భయమమ్మా" అన్న మాట మాత్రం చాలా రోజులు నన్ను గుచ్చింది. ఒంటి మీద నొప్పి ఉందో లేదో చెప్పాల్సింది ఎవరు? ఆ వేలు నాది కదా.

ఆ తర్వాత మిషన్‌కి సూది ముందు వేలు వెళ్ళకుండా అడ్డంగా ఉండే గార్డ్ పెట్టించాడు మా ఆయన. గాయం పది రోజుల్లో మానింది. నా మనసులో మిగిలింది గాయం కాదు, ఆ ఇంజెక్షన్. ఎవరైనా వేలికి దెబ్బ అంటే చాలు, నాకు వేళ్ళ సందులు జిల్లుమనేవి.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఈసారి కుడి చేతి మధ్యవేలికి గోరుచుట్టు వచ్చింది. చేతిపనిలో సూదిని వెనక నుంచి నెట్టే వేలు అది. గోటి పక్కన చిన్న తోలు లేస్తే పళ్ళతో పీకేసుకున్నాను, దానికి తోడు గిన్నెలు, సబ్బునీళ్ళు. మూడో రోజుకి గోటి చుట్టూ ఎర్రగా వాచి, గుండె కొట్టుకున్నట్టు వేలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. మన దగ్గర గోరుచుట్టు అనగానే అందరూ చెప్పేది ఒకటే, నిమ్మకాయకి చిల్లుపెట్టి వేలికి తొడగమని. తొడిగాను. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంది. పసుపు రాశాను. ఉప్పు వేసిన వేడినీళ్ళలో పెట్టాను, అది కాస్త హాయిగా ఉండేది. కానీ లోపల చీము చేరిపోయాక పైపై వైద్యాలకి తగ్గదు.

రాత్రిళ్ళు చెయ్యి కిందకి దించితే పోటు. గోడకి ఆనించి పైకెత్తి పడుకునేదాన్ని. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఒకరోజు ఇస్త్రీపెట్టె తీగ వచ్చి ఆ వేలికి తగిలితే కింద కూర్చుండిపోయాను. అయినా ఆసుపత్రికి మాత్రం వెళ్ళలేదు. మా ఆయన అడిగితే "తగ్గుతోంది" అన్నాను, చేతికి గుడ్డ చుట్టుకున్నాను. చీముకి గాటు పెడతారని తెలుసు, గాటుకి ముందు ఏం ఇస్తారో కూడా తెలుసు. గాటు గురించి నాకు అసలు భయమే లేదు.

మా అక్క కొడుకు గుంటూరులో బీఫార్మసీ చదువుతున్నాడు. ఆ ఆదివారం ఇంటికి వచ్చి గుడ్డ విప్పించి చూశాడు. గోటి పక్కన పసుపుపచ్చగా చీము కనపడుతోంది, ఎరుపు మొదటి కణుపు దాటి పాకుతోంది. "పిన్నీ, ఇది ఇంకా ఉంచుకుంటే వేలి గుజ్జులోకి, ఎముక దాకా పోతుంది. ఎందుకు ఆగావు?" అన్నాడు. అప్పుడు చెప్పాను, ఇంజెక్షన్ భయమని. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కూర్చుని అసలు ఆ మంట ఎందుకు వస్తుందో చెప్పాడు. ఆ గంట నాకు చాలా మేలు చేసింది.

వాడు మొదట నా సూదుల డబ్బా తెమ్మన్నాడు. "నువ్వు వాడే పెద్ద సూది ఎంత?" అన్నాడు. పదహారో నంబరు. మిషన్ సూదుల్లో నంబరు పెరిగితే సూది లావు అవుతుంది. ప్యాకెట్ మీద పక్కనే 100 అని కూడా ఉంటుంది, అంటే సరిగ్గా ఒక మిల్లీమీటరు మందం. ఇంజెక్షన్ సూదులకి లెక్క తిరగబడి ఉంటుందట. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. సూది మొదట్లో ఉండే ప్లాస్టిక్ రంగుని బట్టి కూడా గుర్తుపడతారు. ఆకుపచ్చది 21, నీలం 23, గోధుమరంగుది 26. ఆ 26 నంబరు సూది అర మిల్లీమీటరు కూడా ఉండదు. "అంటే పిన్నీ, నీ వేలిలో దిగిన మిషన్ సూదిలో సగం కూడా లేని సూదికి నువ్వు ఏడ్చావు. ఎందుకంటావు?" అన్నాడు.

నిజమే. మిషన్ సూది దిగినప్పుడు టక్‌మన్న చప్పుడే గుర్తుంది, నొప్పి అంతగా గుర్తులేదు. నన్ను ఏడిపించింది సూది కాదు, అందులోంచి వచ్చిన మందు.

ఆ మందు పేరు లిగ్నోకెయిన్. జైలోకెయిన్ అని పంటి డాక్టర్ల దగ్గర వినే ఉంటారు. స్వీడన్‌లో 1943లో నీల్స్ లోఫ్‌గ్రెన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడట, 1948 నుంచి అమ్మకానికి వచ్చింది. నరంలోంచి నొప్పి కబురు మెదడుకి వెళ్ళాలంటే నరం పొరలో సన్నటి ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి రావాలి. ఈ మందు ఆ ద్వారాలని మూసేస్తుంది, కబురు ఆగిపోతుంది. అంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ మందు నీళ్ళలో కరిగి సీసాలో చాలా కాలం నిలవ ఉండాలంటే దాన్ని కాస్త ఆమ్లంగా, అంటే కాస్త పులుపు గుణంతో ఉంచాలి. మన ఒంట్లో ద్రవాలకి ఆ పులుపు పడదు. ఆ మంట అదే. ఎక్కువసేపు మత్తు నిలవాలని అడ్రినలిన్ కలిపి వచ్చే సీసాల్లో ఆ పులుపు ఇంకా ఎక్కువట.

"మరి అయిదు పోట్లు పొడిచినా నాకు వెంటనే ఎందుకు పట్టలేదు?" అని అడిగాను. మందు నరం పొర దాటి లోపలికి ఇంకడానికి టైం కావాలి, అయిదు నుంచి పది నిమిషాలు. నాకు రెండు నిమిషాలు కూడా ఇవ్వలేదు. భయం కాదన్నమాట. ఆ మాట వాడి నోటి వెంట వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పద్నాలుగు నెలలు నేనే పిరికిదాన్నని అనుకున్నాను.

మర్నాడు వాడే నన్ను ఇంకో క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. యాభై ఏళ్ళు దాటిన సర్జన్ మేడమ్. వేలు చూసింది, ముందు షుగర్ పరీక్ష చేయించింది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇలాంటివి తొందరగా మానవట. నాకు 118 వచ్చింది. పంటికి ఇంజెక్షన్ ఎప్పుడైనా వేయించుకున్నారా, అప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా, గుండె మందులు వాడుతున్నారా అని అడిగింది. "గోరు అంచు కొంచెం కత్తిరించి చీము వదిలిస్తాను, పది నిమిషాలు" అంది.

నేను దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పేశాను. "మేడమ్, పోయినసారి మత్తు ఇంజెక్షన్‌కి నేను కళ్ళు తిరిగి పడిపోయాను. దానికి భయపడే ఆరు రోజులు ఆగాను. కొంచెం నెమ్మదిగా ఎక్కిస్తారా?" గొంతు వణికింది. ఆవిడ చీటీ రాయడం ఆపి నా వైపు చూసింది. "ఈ మాట చెప్పి మంచి పని చేశారమ్మా. పడుకోండి, ఈసారి కూర్చోబెట్టను" అంది.

పడుకుంటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయినా మెదడుకి రక్తం అందుతుంది, కళ్ళు తిరగవు. ఇంత చిన్న సంగతి. పోయినసారి స్టూల్ బదులు మంచం మీద పడుకోబెట్టి ఉంటే సగం బాధ తగ్గేది.

సిస్టర్ మందు సీసా ఫ్రిజ్‌లోంచి తేలేదు, బయట అల్మరాలోంచి తెచ్చింది. మేడమ్ దాన్ని గుప్పిట్లో పట్టుకుని నాతో మాట్లాడుతూ కూర్చుంది. ఏం చేస్తున్నారని అడిగితే, "చల్లటి మందు ఎక్కువ మండుతుంది, ఒంటి వేడికి వస్తే తక్కువ" అంది. ఇంకో చిన్న గాజు ఆంప్యూల్ విరిచి అందులోంచి కొంచెం సిరంజిలోకి తీసుకుంది. సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడా జాతిదే, కాకపోతే ఇంజెక్షన్‌కి పనికొచ్చేలా శుద్ధిగా చేసింది. తొమ్మిది పాళ్ళ మందుకి ఒక పాలు. పులుపు విరిగిపోతుంది. పులిసిన పిండిలో సోడా వేస్తే పులుపు చచ్చినట్టే. పైగా అలా చేస్తే మందు నరంలోకి తొందరగా కూడా ఇంకుతుందట. ఎక్కువైతే మందు గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది కాబట్టి కొలత తప్పకూడదని, కలిపిన వెంటనే వాడేయాలని సిస్టర్‌కి చెప్తోంది. పిండితో పోలిక నాది, ఆవిడ చెప్పింది కాదు. ఈ కలపడం డాక్టర్లు చేసే పని, మనం అడగగలం అంతే.

సూది మార్చింది. మందు లాగిన సూది తీసేసి కొత్తది పెట్టింది. గోధుమరంగుది. నేను గుర్తుపట్టాను. ఆ రంగు చూడగానే గుండె కాస్త కుదుటపడింది.

"అరచేతి వైపు తోలు మందం, నొప్పి ఎక్కువ. వెనక వైపు నుంచి ఇస్తాను, అక్కడ పల్చగా ఉంటుంది" అని నా చెయ్యి బోర్లా పెట్టించింది. ఎడమ చేత్తో వేలి మొదటి దగ్గర తోలుని గట్టిగా గిల్లి పట్టుకుని, ఊపుతూ ఉంది. ఆ గిల్లుడు మీద నా ధ్యాస ఉండగానే సూది దిగింది. కొట్టుకున్న చోట రుద్దుకుంటే నొప్పి తగ్గినట్టు ఉంటుందే, అదే కిటుకు. రుద్దిన కబురు, నొప్పి కబురు ఒకే దారిన పోవాలి, రుద్దిన కబురు ముందు వెళ్ళి తలుపు దగ్గర నిలబడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు దీని మీద సిద్ధాంతం రాశారని మా వాడు తర్వాత చెప్పాడు.

సూది దిగాక ఆవిడ వెంటనే ముందుకి తోయలేదు. ఒక్క చుక్క వదిలి ఆగింది. చిన్న పొక్కులా లేచింది. నేను లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాను, జాకెట్టుకి హుక్కులు లెక్కపెట్టుకున్నట్టు. పదిహేను దాకా ఏమీ చేయలేదు. తర్వాత మెల్లగా, మందు ముందు నడుస్తూ సూది దాని వెనకాల నడిచినట్టు, కొంచెం కొంచెం ఎక్కించింది. మంట ఉంది. లేదని చెప్పను. కానీ అది గోరువెచ్చటి మంట. చెయ్యి లాక్కోవాలనిపించేది కాదు. బిగువు కూడా ఒక్కసారిగా రాలేదు, బెలూన్ మెల్లగా నిండినట్టు వచ్చింది. ఒక వైపు ఎక్కించడానికే ఒకటిన్నర నిమిషం పైన పట్టింది.

అక్కడితో ఆగకుండా సూదిని పూర్తిగా బయటికి తీయకుండా, వేలి వెనక మీదుగా అడ్డంగా రెండో వైపుకి కొంచెం మందు పంపింది. "ఇప్పుడు అటు వైపు తోలు కూడా తిమ్మిరెక్కుతుంది. అక్కడ పొడిస్తే మీకు తెలియకూడదు" అంది. ఒక్క నిమిషం ఆగి రెండో పోటు పొడిచింది. నిజంగా తెలియలేదు. నేను కళ్ళు తెరిచి చూస్తే సూది లోపల ఉంది. మొదటిసారి ఆ రెండో పోటుకి ఎంత ఏడ్చానో గుర్తొచ్చి, ఈసారి అది ఏ బాధా లేకుండా అయిపోతుంటే నమ్మలేకపోయాను. మొత్తం మందు మూడు ఎంఎల్ దాటలేదు.

ఆవిడ గోడ గడియారం చూసి, "ఇప్పుడు పది నిమిషాలు మిమ్మల్ని ముట్టుకోను" అని పక్క గదిలో ఇంకో పేషెంటుని చూడటానికి వెళ్ళింది. ఇది బాగా గమనించాను. ఆగడానికి ఆవిడ టైం ఏమీ పోలేదు, ఆ పది నిమిషాల్లో ఇంకొకరిని చూసేసింది.

ఆ పది నిమిషాల్లో వేలు ఎలా మారిందో చెప్తాను. మొదట వెచ్చబడింది. తర్వాత ఆరు రోజులుగా కొట్టుకుంటున్న ఆ పోటు, రాత్రింబవళ్ళు ఆగనిది, మెల్లగా దూరమై ఆగిపోయింది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి నొప్పి లేని క్షణం అది. ఇంజెక్షన్ కోసం భయపడి నేను తప్పించుకు తిరిగింది ఈ హాయి నుంచా అనిపించింది. తర్వాత వేలు బరువెక్కి, ఎవరిదో వేలు తెచ్చి నా చేతికి అతికించినట్టు అయిపోయింది.

మేడమ్ వచ్చి పట్టకారుతో గిల్లి, "ఏం తెలుస్తోంది?" అని అడిగింది. "ముట్టుకున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు" అన్నాను. "అంతే. నొక్కడం, లాగడం తెలుస్తాయి. నొప్పి నరాలు సన్నవి, ముందు అవి మొద్దుబారతాయి. తాకిడి నరాలు లావు, వాటికి కొంత మిగులుతుంది. లాగినట్టు ఉంటే కంగారుపడకండి, నొప్పి అయితే మాత్రం చెప్పండి, ఆపేస్తాను" అంది. ఆపేస్తాను అన్న ఆ ఒక్క మాట చాలు నాకు. గోరు అంచు కత్తిరించడం, చీము రావడం, కడగడం అన్నీ తెలిశాయి, ఏదో దూరంగా జరుగుతున్నట్టు. చీము వాసన మాత్రం దగ్గరగానే వచ్చింది.

చీము ఉన్న చోటే మందు ఎందుకు ఇవ్వరో కూడా అడిగాను. చీము పట్టిన చోట అసలే పులుపు ఎక్కువగా ఉంటుందట, అక్కడ మందు సరిగా పని చేయదు. అందుకే దూరంగా, వేలి మొదట్లో. ముందే తిమ్మిరి క్రీము రాస్తే ఈ పోటు కూడా తెలియదు కదా అంటే, ఆ క్రీము పట్టడానికి గంట కావాలని, అది పైతోలు దాకానే పని చేస్తుందని, చిన్న పిల్లలకి సెలైన్ సూది పెట్టేముందు బాగా పనికొస్తుందని చెప్పింది.

కట్టు కట్టి పంపేటప్పుడు ఆవిడ చెప్పిన రెండు సంగతులు ఎవరికైనా అవసరమే. నొప్పి బిళ్ళ మత్తు వదిలేదాకా ఆగి వేసుకోకండి, ఇంటికి వెళ్ళగానే వేసుకోండి, మత్తు వదిలేసరికి అది పని మొదలుపెట్టాలి అంది. ఇంకోటి, నేను టైలర్‌ని అని తెలిసి మరీ చెప్పింది, "ఇవాళ ఇస్త్రీపెట్టె, కత్తెర ముట్టుకోవద్దు. ఆ వేలు కాలినా మీకు తెలియదు." నాకు ఇంచుమించు రెండు గంటలు ఉంది ఆ మొద్దు. వదిలేటప్పుడు చీమలు పాకినట్టు జిలజిల. బిళ్ళ ముందే వేసుకున్నాను కాబట్టి ఆ రాత్రి చెయ్యి గోడకి ఆనించకుండా నిద్రపోయాను.

ఇంటికి వచ్చే దారిలో మా వాడిని అడిగాను, ఇదంతా తెలిసిన సంగతే అయితే అందరూ ఇలాగే ఎందుకు వేయరని. వాడు కాసేపు ఏమీ అనలేదు. "టైం పిన్నీ. అడిగేవాళ్ళు కూడా తక్కువ" అన్నాడు. సోడా కలపడం అన్ని చోట్లా కుదరకపోవచ్చు. సన్న సూది అయిపోయి ఉండవచ్చు. కానీ నెమ్మదిగా నొక్కడానికి, పది నిమిషాలు ఆగడానికి, పడుకోబెట్టడానికి ఖర్చేమీ లేదు. నేను రద్దీలో పని చేసే మనిషినే, పండక్కి ముందు రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా పట్టు మీద సూది పరుగెత్తిస్తే దారం లాగేసి గుడ్డ ముడుచుకుపోతుంది, ఎంత తొందరున్నా అక్కడ మిషన్ నెమ్మదిగానే తొక్కుతాం.

మొన్న సంక్రాంతికి ముందు మా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి లైనింగ్ గుడ్డ కత్తిరిస్తూ ఎడమ చూపుడు వేలు కోసుకుంది. లోతుగానే తెగింది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపెట్టి, చెయ్యి పైకెత్తించి దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కుట్లు వేయాలన్నాడు. పిల్ల నా కొంగు పట్టుకుంది. "సార్, దీన్ని పడుకోబెడతారా? మందు కొంచెం మెల్లగా ఎక్కించండి, పట్టేదాకా మేం ఆగుతాం" అన్నాను. ఆయన ఒకసారి నా వైపు చూసి, సరేనన్నాడు. సోడా కలపడం గురించి అడిగితే ఇక్కడ అది లేదమ్మా అన్నాడు. సూది నీలం రంగుది. మార్చమని అడిగితే సిస్టర్ వెతికి గోధుమరంగుది తెచ్చింది.

మొదటి పోటుకి పిల్ల "అక్కా!" అని అరిచింది. డాక్టర్ చెయ్యి ఆపాడు. నేను పదిహేను లెక్కపెట్టాను, పైకే. తర్వాత ఆయన నిజంగానే మెల్లగా ఎక్కించాడు, నేను అంకెలు చెప్తూనే ఉన్నాను, నలభై దగ్గర పిల్ల కొంగు వదిలింది. "మండుతోంది అక్కా, కానీ ఆగగలను" అంది. ఎనిమిది నిమిషాలు ఆగాం. మూడు కుట్లు పడ్డాయి. ఆయన దారం కత్తిరించగానే నేను వంగి చూశాను. మూడూ సమానమైన ఎడంలో, గుడ్డ ముడుచుకోకుండా వేసినట్టు చక్కగా పడ్డాయి.